గుర్రపుడెక్కపై పోరు: ఊరి పని కాదు, కాలువ పని

మన కృష్ణా డెల్టాలో గుర్రపుడెక్కను ఎరుగని రైతు లేడు. వంతెన ఖానాల వద్ద, లాకుల వద్ద, ఊరచెరువులో, మురుగు కాలువలో అది పచ్చని చాపవలె పరచుకొని, ఊదారంగు పూలతో కంటికి ఇంపుగానే కనబడును. ఆ అందమే దానిని మన దేశమునకు తెచ్చినది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీ ప్రాంతము. పంతొమ్మిదవ శతాబ్ది చివరను పూలమొక్కగా బంగాళమునకు చేరి, క్రమముగా దేశమంతట నీటివనరులను ఆక్రమించుకొన్నది.

దీనిని తీసివేయుటకు ఊళ్ళలో కార్యక్రమములు జరుగకపోలేదు. కొందరు కూడి కాలువలో దిగుదురు. తీసినది గట్టుమీద కుప్పలు వేయుదురు. ఫొటో తీయించుకొని ఇండ్లకు పోవుదురు. కొన్ని మాసములు తిరుగునప్పటికి కాలువ ఎప్పటివలెనే యుండును. ‘ఇది పోయెడి పీడ కాదులే’ అని జనము నిరుత్సాహపడుదురు. శ్రమపడిన వారియందు లోపము లేదు. ఊరికి ఊరు విడివిడిగా, ఒకనాటి పండుగవలె ఈ పని చేయుటలోనే లోపమున్నది. గుర్రపుడెక్కకు పొలిమేరలు లేవు. కాలువ నంతటిని ఒక్క చేనుగా భావించి కలుపు తీసిననే గాని దీనిపై గెలుపు లేదని నా అభిప్రాయము.

మొక్క లెక్క

అనుకూలమైన నీటిలో ఈ మొక్క సుమారు పదిహేను దినములకు రెండింతలగును. జూన్‌లో కాలువలు వదలునప్పుడు వంతెన క్రింద పది మొక్కలు మిగిలినవనుకొని లెక్క వేసి చూడుడు. నెలకు 40, రెండు నెలలకు 160, ఐదు నెలలకు పదివేలకు పైగా అగును. అనగా సార్వా వరి కోతకు వచ్చు నాటికి, మురుగు త్వరగా దిగవలసిన సమయమునకే, డ్రెయిను మూసికొనిపోవును. ఇదిగాక రాలిన విత్తనము అడుగు బురదలో పదిహేను, ఇరువది ఏండ్ల వరకు చావక యుండగలదు. కావున తొంబదిపాళ్ళు తీసితిమని తృప్తిపడుటకు వీలులేదు. మిగిలిన పదిపాళ్ళే వచ్చే ఏటి విత్తనము.

పెదపారుపూడి ప్రాంతమునే తీసికొందము. ఇది ప్రకాశం బ్యారేజికిని సముద్రమునకును నడుమ నున్నది. ఎగువ ఊళ్ళవారు వదలినది ఇక్కడికి కొట్టుకొనివచ్చును. ఇక్కడివారు వదలినది గుడివాడ, బందరు వైపు శివారు భూములకు పోవును. ఎగువవారిని తప్పుపట్టు హక్కు మనకున్నచో, మనలను తప్పుపట్టు హక్కు శివారు రైతుకును ఉన్నది. కాలువలో నీరు సాగక అతని నారుమడి ఎండుటకును, మురుగు కదలక అతని కోత చేను మునుగుటకును ఈ మొక్కయే తోడగుచున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు, కృష్ణ ఒక్కసారి పొంగినప్పుడు నష్టమునకు కారణములు పలు. కాని నీరు సముద్రమును చేరు దారి తెరపిగా నుండుట ఎంత అవసరమో ఆ వరదలు అందరికిని తెలియజెప్పినవి.

చట్టములు చాలునా?

ఇది క్రొత్త పోరు కాదు. వ్యవసాయపు చీడలను, కలుపును నిర్మూలించుటకు మద్రాసు రాజధానిలో 1919లోనే చట్టము చేసిరి. బంగాళములో 1921లో జగదీశచంద్ర బోసు అధ్యక్షతన ప్రత్యేకముగా గుర్రపుడెక్కపై సంఘము నియమింపబడినది. 1936లో అక్కడ దానికే ఒక చట్టము వచ్చినది. ఎవరి స్థలములోని మొక్కను వారు తీయవలెనని శాసించినది. 1937 ఎన్నికలలో గుర్రపుడెక్క నిర్మూలనము వాగ్దానముగా కూడ నిలిచినది. అయినను నేటికిని బంగాళపు నీళ్ళలో అది ఉన్నది. ఎవరి వాటా వారు తీసిన చాలదు. ప్రక్కవాని వాటా మిగిలియున్నంత కాలము మన వాటాయు మిగిలియుండును.

మనకు అంతకన్న మంచి సాధనము చేతిలోనే ఉన్నది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టము కాలువల నిర్వహణలో నీటి వినియోగదారుల సంఘములకు బాధ్యత నిచ్చినది. పిల్ల కాలువకు సంఘము, దానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ గలవు. ఈ ఏర్పాటు ఊరి పొలిమేరను గాక కాలువను అనుసరించి యున్నది. గుర్రపుడెక్కపై ఉద్యమమునకు నాయకత్వము వహింపవలసినది వీరే. ‘కాలువ సర్కారుది, మనకెందుకు’ అనుమాట ఇక చెల్లదు. ‘రైతులే చూచుకొందురు’ అని అధికారులు చేతులు ముడుచుకొనుటయు చెల్లదు. గట్టు దిగి చేయుపని రైతులది. యంత్రము, నిధులు, సాంకేతిక సలహా సమకూర్చుట ప్రభుత్వ శాఖలది.

మందు, పురుగు

కలుపుమందు చల్లిన సులభము గదా యని కొందరందురు. ఈ కాలువ నీటితోనే మన ఊళ్ళ మంచినీటి చెరువులు నిండుచున్నవి. 2,4-డి వంటి మందు గాలికి గాని నీటికి గాని మినుము, పెసర చేలను తాకిన పైరు మాడిపోవును. చచ్చిన మొక్క నీటిలోనే కుళ్ళి, ప్రాణవాయువును హరించి చేపలను చంపును. కావున పారు కాలువలో మందు మాట తలపెట్టరాదు.

నాగజెముడు పురుగుతో పోలేదా యని మరికొందరందురు. నిజమే. 1926లో సింహళమునుండి తెచ్చిన కోచినీలు పురుగు దక్షిణ దేశమున నాగజెముడును అణచినది. గుర్రపుడెక్కను తిను ముక్కుపురుగులను కూడ 1982లో మన దేశమునకు తెప్పించిరి. బెంగళూరు చెరువులలో అవి చక్కగా పనిచేసినవి. కాని వాటికి నిలిచిన నీరు, రెండు మూడేండ్ల ఓపిక కావలెను. ఊరచెరువులకు, పెద్ద మురుగు కాలువలకు శాస్త్రజ్ఞుల సలహాపై వాటిని వదలవచ్చును. వేసవిలో ఎండి, సార్వాలో పారు సాగు కాలువకు చేతిపనియే శరణ్యము.

ఉద్యమము ఎట్లుండవలెను?

మొదటిది, కాలము. కాలువలు కట్టివేసిన వేసవి దినములలో పని ప్రారంభించి, నీరు వదలుటకు ముందే తలనుండి శివారు వరకు అన్ని సంఘములును ఒకే వారములో ముగింపవలెను. మురుగు కాలువలను, ఊరచెరువులను వదలరాదు. విత్తనపు కొట్లు అవే. పూత రాకముందే తీసిన విత్తనము పడదు.

రెండవది, తీసిన మొక్కను గట్టుమీద వదలరాదు. తొలివానకే తిరిగి కాలువలో పడును. వంద కిలోల పచ్చిమొక్కలో తొంబది కిలోలకు పైగా నీరే గనుక, దూరముగా ఎండబెట్టిన మోత తగ్గును. పిమ్మట పేడతో పొరలుపొరలుగా గోతిలో వేసి బాగుగా మాగబెట్టిన మంచి ఎరువగును.

మూడవది, కాపలా. వంతెనలవద్ద వెదురుగడలతో అడ్డుకట్టి, తేలివచ్చు మొక్కలను ఏరివేయవలెను. ప్రతి ఊరివారు తమ హద్దులోని గట్టును పదిహేను దినముల కొకసారి నడచి చూడవలెను. మొక్క రెట్టింపగు గడువే మన గస్తీ గడువు కావలెను. లస్కరు, గ్రామ రెవిన్యూ అధికారి, గ్రామ వ్యవసాయ సహాయకుడు ఈ నడకలో రైతులతో కలసిన, ఎక్కడ తలయెత్తినదో వెంటనే పైవారికి తెలియును.

నాలుగవది, దాని తిండి మాన్పుట. ఊరి మురుగు, చేపల చెరువుల వ్యర్థజలము, చేలనుండి జారిన ఎరువు దీనికి బలమైన ఆహారము. వీనిని కాలువలోనికి వదలుచు మొక్కను మాత్రము పీకుచుండుట, ఒక చేత కలుపు తీయుచు వేరొక చేత దానికే ఎరువు వేయుటయగును.

ఉద్యమము గెలిచినదా లేదా యని తేల్చుటకు ప్రారంభదినమున ఎందరు వచ్చిరను లెక్క పనికిరాదు. దసరానాటికి ఎన్ని కిలోమీటర్ల కాలువ తేటగా నున్నది, శివారు చేనికి నీరు ఎన్నవనాటికి అందినది అను రెండు ప్రశ్నలే ప్రమాణము. వచ్చే వేసవిలో కాలువలు కట్టకముందే ప్రతి సంఘమును తన ఎగువ సంఘముతోను, దిగువ సంఘముతోను కూర్చుండి ఒకే తేదీని నిర్ణయించుకొనవలెను. ఆ తేదీ కుదిరిన సగము పని ముగిసినట్లే.