పీకేసిన చోటే మళ్లీ పట్టాలు పరిచిన దేశం

పఠాన్‌కోట్–జోగీందర్‌నగర్ నారోగేజ్ రైలు మళ్లీ పూర్తిస్థాయిలో నడుస్తుందన్న మాట వినిపించిన ప్రతిసారీ రెండు వాదనలు బయల్దేరతాయి. నష్టాల లైనుకు ఇంత ఖర్చెందుకన్నది ఒకటి. అద్దాల పెట్టెలు తగిలించి పర్యాటకుల కోసం టాయ్‌ట్రెయిన్‌గా నడపాలన్నది రెండోది. రెండూ తప్పే. ఈ 164 కిలోమీటర్ల మార్గంలోది హిమాచల్‌లోని కాంగ్రా లోయ జనం రోజూ ఎక్కి దిగే రైలు. ముందు వాళ్ల కోసమే, ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరవాలి.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంవత్సరం ఒకటుంది: 1954. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం నగ్రోటా నుంచి జోగీందర్‌నగర్ దాకా పట్టాలు పీకించింది. మొత్తం మార్గంలో అది దాదాపు మూడో వంతు. పదేళ్లకు పైగా అక్కడ రైలు లేదు. విభజన గాయాలు ఆరని, తిండిగింజలకే కటకటలాడుతున్న కొత్త దేశం 1954లో అక్కడ మళ్లీ పట్టాలు పరిచింది. ఆ తర్వాత పాంగ్ డ్యామ్ నీళ్లు గులేర్ దగ్గరి పాత మార్గాన్ని ముంచాయి. అప్పుడూ లైను ఎత్తేయలేదు. కొత్త దారి వేసి 1976లో కలిపారు. రెండుసార్లు తెగింది, రెండుసార్లూ అతికించాం.

ఈసారి పోయింది మూడో వంతు లైను కాదు, ఒక వంతెన. 2022 ఆగస్టు 20న చక్కి నది వరదలో అది కూలింది. కూలడానికి వరద ఒక్కటే కారణం కాదు. నదిలో ఇసుక, గులకరాళ్లు తోడేకొద్దీ అడుగు కిందికి దిగుతుంది. అప్పటిదాకా భూమిలో ఉన్న పునాది బయటపడుతుంది. సుడి తిరిగే నీరు దాని చుట్టూ మిగిలిన రాళ్లను కోసుకుపోతుంది. చక్కిలో తవ్వకాలపై ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. ఇది ఒక్క చక్కి సమస్యే కాదు. కల్కా–సిమ్లా కొండ రైలు మార్గంలో సొరంగాలు వందకు పైనే. ఇక్కడ రెండే, వంతెనలు మాత్రం తొమ్మిది వందలకు పైగా. వాగుల అడుగును కాపాడకుండా ఈ రైలును కాపాడలేం.

రైలు నెమ్మదే, ఒప్పుకోవాలి. వానాకాలంలో చరియలు విరిగిపడతాయి, నిర్వహణ ఖర్చూ ఎక్కువే. కానీ బస్సు ఛార్జీలో కొద్ది వంతుకే కాంగ్రా, బైజ్‌నాథ్ చేర్చే సాధనం పేదవాడికి ఇంకోటి లేదు.  లాభం చూసే పట్టాలు వేయాలనుకుంటే 1954లో ఒక్క స్లీపరు కూడా పడేది కాదు.

బ్రాడ్‌గేజ్ వచ్చేదాకా ఆగమనేవాళ్లు నౌపడ–గుణుపూర్‌ను గుర్తు చేసుకోవాలి. అదీ అప్పట్లో ఇదే కొలత నారోగేజ్. 2004లో రైలు ఆగింది. గుణుపూర్‌కు బ్రాడ్‌గేజ్ రైలు చేరేసరికి 2011 వచ్చింది. శ్రీకాకుళం మైదానంలో మొదలయ్యే ఆ చిన్న లైనుకే అన్నేళ్లు పడితే, ధౌలాధర్ పాదాల వెంట ఎన్నేళ్లు పడుతుంది? అన్నేళ్లూ ఈ జనం దేంట్లో తిరగాలి?

పర్యాటక వాదన ఇంకా ప్రమాదకరం. షానన్ జలవిద్యుత్ కేంద్రానికి యంత్రాలు మోయడానికి వేసిన పనిముట్టు ఈ రైలు. 1929 నుంచి ఊళ్లను కలుపుతోంది. దాన్ని విహారానికి అప్పగిస్తే ముందు హాల్ట్‌లు పోతాయి, తర్వాత పాసింజర్ టికెట్టు పోతుంది, చివరికి మిగిలేది ఫొటోల కోసం నడిచే నాలుగు పెట్టెలు. వారసత్వ గుర్తింపు రావాలి, కానీ నడుస్తున్న రైలుకు రావాలి.

కాబట్టి రైల్వే శాఖ మూడు పనులు చేయాలి. పూర్తి మార్గంలో పాసింజర్ రైళ్లు ఏ తేదీ నుంచి నడుస్తాయో ప్రకటించాలి. ఆ టైమ్‌టేబుల్‌లో హాల్ట్‌లన్నీ ఉండాలి. వంతెనల ఎగువన, దిగువన తవ్వకాలను పంజాబ్, హిమాచల్ రెండు రాష్ట్రాల చేతా ఆపించాలి. డబ్బు లేదన్న సాకు చెల్లదు. 1954లో ఇంతకంటే చాలా పేద దేశం పీకేసిన చోటే పట్టాలు పరిచింది. ఇవాళ ఒక్క వంతెన పేరు చెప్పి ఒక లోయను గాలికొదిలేస్తే, అది పేదరికం కాదు, నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యానికి బాధ్యులెవరో పేర్లతో సహా పార్లమెంటులో చెప్పించాలి.