మొత్తం కొనాలి, లేదా ఏదీ లేదు: మన పిల్లలకు మిగిలిన ఎంపిక ఇదేనా?

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసేసరికి ప్రైవేటు విద్యాసంస్థల పీఆర్వోలు మన బస్తీల్లో తలుపులు తట్టడం మొదలుపెడతారు. వారి చేతిలోని రంగుల కరపత్రంలో ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ, ఏడో తరగతి అమ్మాయికి నీట్ వాగ్దానం ఉంటాయి. ఫౌండేషన్, ఒలింపియాడ్, టెక్నో, కాన్సెప్ట్ అంటూ పేర్లు ఎన్ని మారినా సరుకు ఒక్కటే: ఇంటర్మీడియట్‌లో చదవవలసిన పాఠాలను హైస్కూలు పిల్లల చేత చదివించడం. ఇప్పుడు చేర్చకపోతే మీ బిడ్డ వెనకబడిపోతాడన్న ఒక్క మాట చాలు, పండ్ల బండి నడిపే తండ్రి అప్పుకు సిద్ధపడతాడు, ఇంట్లో బట్టలు కుట్టే తల్లి మెడలోని గొలుసు కుదువపెడుతుంది.

పై స్థాయి చదువు మీద మాకు వ్యతిరేకత లేదు. చదువుమనే ఆజ్ఞతో మొదలైన ధర్మం మనది. తెలివైన బిడ్డ తన తరగతిని దాటి చదవగలిగితే చదవాలి, అందుకు అవకాశం దొరకాలి. కానీ ఏ సబ్జెక్టులో, ఎంత, ఎప్పటి నుంచి అన్న ప్రశ్నలు వేసుకునే వీలు ఆ బిడ్డకు ఉందా? మార్కెట్టు మొత్తం కొనమంటోంది. ప్రభుత్వం ఏదీ ఇవ్వడం లేదు. ఈ రెంటి మధ్య మన పిల్లల ఎంపిక హక్కు నలిగిపోతోంది. అందుకే దీన్ని మేము కేవలం చదువుల సమస్యగా గాక మైనారిటీ హక్కుల సమస్యగా చూస్తున్నాము.

పొట్లం కట్టిన చదువు

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల ఇళ్లలోనూ ఇటువంటి చర్చే వినిపిస్తుంది. అక్కడ హైస్కూలు విద్యార్థులు కాలేజీ స్థాయి పాఠాలు ముందుగానే చదివే ఏర్పాటు ఉంది. కాలేజ్ బోర్డు నిర్వహించే ఆ కోర్సులను ఏపీ క్లాసులంటారు. పరీక్షలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. ఎన్ని తీసుకోవాలన్నది అక్కడి తల్లిదండ్రులకూ తలనొప్పే. పేద పిల్లల బడుల్లో ఈ కోర్సులు తక్కువన్న ఫిర్యాదు అక్కడా ఉంది. అయినా ఆ పద్ధతిలో గమనించదగిన మాట ఒకటుంది. అక్కడ సబ్జెక్టులను విడివిడిగా ఎంచుకోవచ్చు. గణితంలో చురుకైన పిల్ల గణితం ఒక్కటే పై స్థాయిలో చదివి, తక్కినవన్నీ మామూలు స్థాయిలో చదువుకోవచ్చు.

ఇక్కడ ఫౌండేషన్ పేరిట అమ్ముతున్నది విడి సరుకు కాదు, కట్టిన పొట్లం. గణితం, భౌతికం, రసాయనం, ఒక్కోచోట జీవశాస్త్రమూ కలిపి తరగతి మొత్తానికీ రుద్దుతారు. బిడ్డకు దేనిలో అభిరుచి ఉందో, దేనిలో పునాది బలంగా ఉందో అడిగే నాథుడుండడు. ఇంటర్ మొదటి సంవత్సరంలో వచ్చే సదిశలు, అవకలనం హైస్కూలు నోటుపుస్తకంలోకి దిగుతాయి. తెలంగాణ రాష్ట్ర పాఠ్యప్రణాళికలో త్రికోణమితి పదో తరగతిలో వస్తుంది. దాన్ని ఎనిమిదిలోనే సూత్రాలుగా బట్టీ పట్టిస్తారు. ఆ బిడ్డను రెండు భిన్నాలు కూడమంటే తడబడతాడు. ఇది ముందుకు పోవడం కాదు, పునాది లేని గోడ లేపడం.

జేఈఈ, నీట్ పరీక్షల పాఠ్యాంశాలు పదకొండు, పన్నెండు తరగతుల స్థాయివి. ఆరో తరగతిలో మొదలుపెట్టకపోతే అందనిదేదీ వాటిలో లేదు. ఆ స్థాయికి కావలసిన నిజమైన పునాది పదో తరగతి వరకు ఉన్న పాఠ్యపుస్తకాలే. వాటిని ఆకళింపు చేసుకున్న విద్యార్థికి రెండేళ్ల ఇంటర్‌లో సరైన బోధన దొరికితే దారి తెరిచే ఉంటుంది. ఆకళింపు లేనివాడికి నాలుగేళ్ల ఫౌండేషన్ మిగిల్చేది అలసటే.

ఆ అలసట ఎక్కడికి దారితీస్తుందో తెలుగు రాష్ట్రాలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ ఏర్పడ్డాయి. పదహారేళ్ల తేడాతో ఒకే వ్యథ మీద రెండు కమిటీలు వేయవలసి వచ్చిందంటే మధ్యకాలంలో ఏం మారినట్టు? 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్లు నిండనివారిని కోచింగ్ సెంటర్లు చేర్చుకోరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. అదే కోచింగును బడి టైంటేబుల్లో కలిపి, బడి ఫీజులోనే వసూలు చేస్తే అడిగేదెవరు? ఏ జీవి పైనా దాని శక్తికి మించిన భారం దైవం మోపడని నమ్మే మనం, పన్నెండేళ్ల బిడ్డ పైన ఈ బరువు ఏ ధైర్యంతో మోపగలం?

ఖాళీ కుర్చీ

పొట్లం కొనలేని కుటుంబాల సంగతి వేరు. మనలో అధికులు ఆ కుటుంబాలవారే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో. దేశంలోని ప్రసిద్ధ కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక్కరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదికే చెప్పింది. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారన్న ప్రచారాన్నీ అది తిప్పికొట్టింది. మదర్సాల్లో చదివేవారు నూటికి ముగ్గురు, నలుగురు మాత్రమే. తక్కినవారు మామూలు బడుల గడప ఎక్కుతున్నవారే. గడప దాటాక లోపల వారికి దొరుకుతున్నదేమిటన్నదే అసలు ప్రశ్న.

ఉర్దూ మీడియం ఉన్నత పాఠశాలలో గణితం టీచరు కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆ బడిలోని పిల్లకు పై స్థాయి గణితం ఎంత తీసుకోవాలన్న ప్రశ్నే పుట్టదు. ఉన్న స్థాయి గణితమే ఆమెకు అందదు. ఉర్దూ మీడియం ఉపాధ్యాయ పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టరు కింద ఉన్నవాటికి ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక అవి ఒక డీఎస్సీ నుంచి ఇంకో డీఎస్సీకి మిగిలిపోతున్నాయన్నది పాత ఫిర్యాదు. దళిత, ఆదివాసీ సోదరుల వాటా ఒక్కటి కూడా తగ్గకూడదు. ఆ పోస్టులకు సమానమైన పోస్టులు వారికి ఇతర మాధ్యమాల్లో ఇచ్చి, ఉర్దూ కుర్చీ నింపవచ్చు. కావలసింది ఒక ఉత్తర్వు. కొరవడినది సంకల్పం.

భాష అడ్డుగోడ మరొకటి. ఉర్దూ మీడియం పిల్ల జియాయీ తాలీఫ్ అని నేర్చుకున్నదాన్నే తెలుగు మీడియం పిల్లవాడు కిరణజన్య సంయోగక్రియ అని నేర్చుకుంటాడు. ఇంటర్‌లో అడుగుపెట్టిన రోజున ఇద్దరికీ ఫొటోసింథసిస్ అన్న కొత్త మాట ఎదురవుతుంది. విషయం తెలిసిన బిడ్డ మాట తెలియక మూగబోతుంది. నీట్ పరీక్షను ఉర్దూలో రాసే వీలు 2018 నుంచి వచ్చింది, అదీ సుప్రీంకోర్టు గడప తొక్కాక. జేఈఈ మెయిన్ ఉర్దూలోనూ తెలుగులోనూ ఉంది గానీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ నేటికీ ఇంగ్లీషు, హిందీల్లోనే. ప్రశ్నపత్రం ఒక భాషలో, బోధన మరో భాషలో, పుస్తకం ఇంకో భాషలో ఉంటే నష్టపోయేది ఎవరో వేరే చెప్పాలా?

పదో తరగతి తర్వాత గ్రూపు ఎంపిక మాటకొస్తే, చాలాచోట్ల మన అమ్మాయిలకు నడిచిపోయే దూరంలో ఉన్న కళాశాలలో సీఈసీ, హెచ్ఈసీ తప్ప మరొకటి ఉండదు. ఆ గ్రూపులు తక్కువవి కావు. న్యాయవాదులు, ఆర్థికవేత్తలు, పాలనాధికారులు అక్కడి నుంచీ రావాలి. కానీ అభిరుచితో ఎంచుకోవడం వేరు, బైపీసీ ఉన్న కళాశాలకు రెండు బస్సులు మారాలి గనుక ఎంచుకోవడం వేరు. రెండోదాన్ని ఎంపిక అనడం అన్యాయం.

2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ వృత్తివిద్యా కళాశాలల తలుపు తెరిచింది. అయితే మెడికల్ సీటు దాకా వెళ్లాలంటే ముందు బైపీసీ చదవాలి, ఇంజనీరింగు దాకా వెళ్లాలంటే ఎంపీసీ చదవాలి. ఆ మెట్టే లేనిచోట రిజర్వేషన్ ఎక్కలేని మేడ మీది గది.

రెండు వాదనలు

ఈ మాటలకు రెండు వైపుల నుంచి ఎదురు మాట వస్తుంది. ఒకటి, లక్షల మంది పోటీలో అందరూ ఆరో తరగతి నుంచే పరుగెడుతుంటే మనవారు తాపీగా నడిస్తే ఎలా అన్నది. మేము ఆగమనడం లేదు, దారి చూసి నడవమంటున్నాము. నీట్‌లో 720 మార్కులుంటే అందులో సగం, 360, జీవశాస్త్రానివే. వాటికి కావలసినది పాఠ్యపుస్తకాన్ని అర్థం చేసుకుంటూ పదేపదే చదివే ఓపిక. ఆ ఓపికను ఆరో తరగతిలోనే హరించివేసే కోర్సు పోటీకి సాయం చేస్తుందా, హాని చేస్తుందా?

రెండోది మనలోనే కొందరు పెద్దలు అనే మాట: మన పిల్లలకు ఇంత బరువెందుకు, ఏదో ఒక పని నేర్చుకుంటే చాలదా, అమ్మాయికి పది పాసైతే సరిపోదా అని. చేతిపని గౌరవనీయమైనదే. కానీ మెకానిక్ కొడుకు మెకానిక్ కావడం అతని ఇష్టమైతే గౌరవం, మరో దారి లేకపోతే శిక్ష. అమ్మాయి విషయంలో ఈ మాట మరీ అన్యాయం. విద్యార్జన స్త్రీపురుషులిద్దరికీ విధి అని వేదికల మీద చెప్పి, ఇంటికొచ్చి ఆమె పుస్తకాలు అటకెక్కించడం ఏ ధర్మం?

లెక్క ఎలా వేయాలి

తల్లిదండ్రులు ఏం చేయాలన్నది సూటిగా చెబుతున్నాము. ఎనిమిదో తరగతి వరకు పై స్థాయి కోర్సు ఒక్కటీ వద్దు. ఆ డబ్బుతో, ఆ సమయంతో బిడ్డకు లెక్కలు, ఇంగ్లీషు, మాతృభాష గట్టిపడేలా చూడండి. తొమ్మిది, పది తరగతుల్లో ఒక సబ్జెక్టు, మించితే రెండు. అదీ బిడ్డ తన తరగతి పుస్తకంలోని లెక్కలన్నీ ఎవరి సాయమూ లేకుండా చేయగలిగినప్పుడు, ఇంకా కావాలని తానే అడిగినప్పుడు. నిద్రనూ ఆటనూ నమాజునూ తినివేసే టైంటేబులైతే ఎంత పేరున్న సంస్థదైనా వదులుకోండి. ప్రవేశ పరీక్షల తయారీ గ్రూపు ఎంచుకున్నాక మొదలైతే చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి గణితమూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీకీ వీలు కల్పించారు. వీలుంది గనుక చేర్చేయకండి. రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలన్న ఆశ సహజమే. కానీ ఆ మోత బిడ్డ మోయగలదా, ఆ కళాశాలలో రెంటికీ అధ్యాపకులున్నారా అని ముందు విచారించండి.

జమాతులకు, మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఇది. ప్రతి బస్తీలో ఇంజనీరింగు, డిగ్రీ చదువుతున్న యువతీయువకులున్నారు. మగ్రిబ్ తర్వాత ఒక గంట, ఒక హాలు, ఒక నల్లబల్ల ఇవ్వండి. తొమ్మిది, పది తరగతుల గణితం, ఇంగ్లీషు శాస్త్ర పదాలు చెప్పించండి. అమ్మాయిలకు వీలైన వేళ, వీలైన చోట వేరుగా ఏర్పాటు చేయండి. ఏ కార్పొరేట్ పొట్లమూ ఇవ్వలేని పునాది అక్కడ పడుతుంది.

ప్రభుత్వం దయ చూపనక్కరలేదు

అయితే సమాజసేవ ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. కేంద్రం 2022లో ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పులు నిలిపివేసింది. అదే ఏడాది డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్పునూ రద్దు చేస్తున్నట్టు పార్లమెంటులో ప్రకటించింది. కింది మెట్టు, పై మెట్టు రెండూ ఒక్క ఏడాదిలోనే తీసివేసి మధ్యలో ఎక్కమంటున్నారు. తెలంగాణ 2016-17లో 71 మైనారిటీ గురుకులాలు ప్రారంభించి, తర్వాత వాటిని 204కు పెంచింది. అది మంచి పని. ఆ మంచి పని భవనాలతో ఆగకూడదు. మా డిమాండ్లు ఇవి:

ఉర్దూ మీడియం ఉన్నత పాఠశాలల్లో గణితం, సైన్సు పోస్టులన్నీ భర్తీ చేయాలి. రోస్టరు చిక్కును దళిత, ఆదివాసీ వాటా తగ్గకుండా పరిష్కరించాలి.

ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న ప్రతి పట్టణంలోనూ బాలికల జూనియర్ కళాశాలలో ఎంపీసీ, బైపీసీ సహా అన్ని గ్రూపులూ ఉండాలి.

మైనారిటీ గురుకులాల్లో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పై స్థాయి పాఠాలను సబ్జెక్టుల వారీగా, ఉచితంగా, విద్యార్థి ఇష్టాన్ని బట్టి అందించాలి. మొత్తం తరగతికి రుద్దరాదు.

పదో తరగతి పరీక్షల తర్వాత వచ్చే వేసవిలో ఉర్దూ, తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు శాస్త్ర పదాల వారధి కోర్సు పెట్టాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను ఉర్దూ, తెలుగు భాషల్లోనూ నిర్వహించేలా రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రంపై ఒత్తిడి తేవాలి.

బడి టైంటేబుల్లో దాగిన కోచింగుకూ 2024 మార్గదర్శకాల నియంత్రణ వర్తింపజేయాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో గ్రూపు ఎంపికపై సలహా ఇచ్చే ఉపాధ్యాయుడు ఒకరైనా ఉండాలి.

ఈ జాబితాలో భిక్ష ఒక్కటీ లేదు. మన పిల్లలు అందరికన్నా ఎక్కువ చదవాలని మేము కోరడం లేదు, తక్కువ చదివినా చాలని ఒప్పుకోవడమూ లేదు. ఎంత చదవాలో, ఏది చదవాలో తామే నిర్ణయించుకోగలిగిన స్థితి వారికి కావాలి. వచ్చే సంక్రాంతి తర్వాత కరపత్రం పట్టుకుని తలుపు తట్టే మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: నా బిడ్డకు ఏది కావాలో ముందు మీరు చూశారా? ఆ ప్రశ్ననే కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు చేసి, జిల్లా విద్యాధికారి బల్ల మీదా పెట్టండి. జవాబు వచ్చేదాకా లేవకండి.