దురదకు దోషి యెవరు?



పైరుపై మచ్చ కనబడినచో మన రైతు ఊరకుండడు. ఆకు కోసి తెచ్చి, ఇది తెగులా, పురుగా, ధాతులోపమా యని విచారించును. కారణము తెలిసిన పిమ్మటనే మందు కొనును. అదే రైతు తన ముంజేతులపై పొక్కులు లేచి రసి కారుచున్నను ఆ ప్రశ్న వేయడు. గజ్జి యనియో, తామర యనియో, వేడి చేసిన దనియో తలచి, అంగడిలో దొరికిన మలాము పూసి ఊరుకొనును. పైరునకు చూపు వివేకమును మన యొంటికి చూపకుండుట న్యాయమా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో తిరుగుచు నేను చూచిన యిద్దరి సంగతి వినుడు. ఒకడు మొక్కజొన్న, సోయా పండించు రైతు. ఏటేట వానకాలములో అతని ముఖము, కనురెప్పలు, మెడ ఎఱ్ఱబడి దురద పెట్టెడివి. పురుగుమందే కారణమని నమ్మి, తాను చల్లుట మాని కూలివానిని పెట్టెను. దురద తగ్గలేదు. తుదకు భూమిని కౌలున కిచ్చివేయుటకు సిద్ధపడెను. రెండవవాడు గల్ఫులో కట్టడపు పని చేసి తిరిగి వచ్చి, వేసవిలో తాపీపని, తక్కిన కాలమున సేద్యము చేయుచుండెను. చేతులు పగిలి నెత్తురు కారగా, అతడు వయ్యారిభామను నిందించి, రబ్బరు తొడుగులు వేసికొని దానిని పెరికెను. చేతులు మరింత చెడెను.

ఇరువురకును నగరములోని చర్మవైద్యులు అతుకుపరీక్ష చేసిరి. మొదటివానికి దోషి పురుగుమందు కాదు, వయ్యారిభామ. రెండవవానికి వయ్యారిభామ కాదు, సిమెంటులోని క్రోమియము. దానికి తోడు, రక్షణకై తొడిగిన రబ్బరులోని రసాయనము. ఇరువురి ఊహలును తప్పినవి. ఆ తప్పుటూహకు ఒకడు కూలి చెల్లించెను, ఒకడు చేతులు చెడగొట్టుకొనెను.

ఈ పరీక్ష క్రొత్తది కాదు. 1895లో యాడసోన్ అను జర్మను వైద్యుడు దీనిని వెల్లడించెను. అనుమానించిన వస్తువులను తగిన పాళ్ళలో కలిపి, చిన్న రేకుబిళ్ళలలో నుంచి వీపుపై అంటింతురు. సూదిపోటు లేదు. సోమవారము అంటించినచో బుధవారము తీసి చూచి, శుక్రవారము మరల చూతురు. ఏ వస్తువు క్రింద చర్మము ఎఱ్ఱబడి పొక్కునో దానిపై అనుమానము నిలుచును. ఐనను అంతమాత్రమే తీర్పు కాదు. ఆ వస్తువు ఆ రైతు పనిలో నిజముగా తగులుచున్నదా యని వైద్యుడు విచారింపవలెను. కావున మనము ఏమేమి ముట్టుచున్నామో దాపరికము లేక చెప్పవలెను.

వయ్యారిభామ దురద మన దేశమునకు క్రొత్త చుట్టము. ఆ మొక్కను 1955లో పూనా ప్రాంతమున గుర్తించిరి. దానిలోని పార్థెనిను అను పదార్థమే ముఖ్యదోషి. ఎండిన మొక్క పొడి గాలిలో లేచి ముఖమున పడును గనుక, ముట్టనివానికిని దురద వచ్చును. దీనిని తిను మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరున విడిచిరి. అది కొంత మేలు చేసినను, పూతకు ముందే పెరుకుట మన విధి. దురద ఉన్నవాడు మాత్రము ఆ పనికి పోరాదు.

కారణము తెలిసినచో ఎంత మేలో సిమెంటు సంగతియే చెప్పును. డెన్మార్కు దేశము 1983 నుండి సిమెంటులో కరుగు క్రోమియమును చట్టముచే తగ్గించెను. 2005 నుండి ఐరోపా సమాఖ్య పది లక్షలకు రెండు పాళ్ళు మించరాదని నియమించెను. మలాములతో తీరని బాధకు మూలమునందే చికిత్స జరిగెను.

పరీక్షకు నియమములు కలవు. వీపు తడుపరాదు, చెమట పట్టు పని చేయరాదు. కావున చలికాలమున, పనుల నడుమ విరామము చూచుకొనుట మేలు. స్టెరాయిడు మాత్రలు, సూదులు ఫలితమును కప్పివేయును. వైద్యునికి ముందే చెప్పవలెను. పురుగుమందును ఇంటివద్ద చర్మముపై పూసి పరీక్షించుట ప్రమాదము. అన్ని దురదలును ఈ పరీక్షకు చిక్కవు. నాట్లలో బురదనీట నానిన చేతుల పుండ్లు, ఎరువు ఒరసిన మంటలు వేరు జాతివి. ఫలితము లేదన్నంత మాత్రమున బాధ అబద్ధము కాదు.

“నూరు కిలోమీటర్లకు పైగా పోయి, వారములో మూడుమారులు ఆసుపత్రికి తిరుగుట పేదరైతుకు సాధ్యమా?” యని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. సంఘము పుట్టినది ఒక్కనికి సాధ్యము కానిది పదుగురికి సాధ్యము చేయుటకే గదా! మన సంఘములు ఎరువు నిచ్చుచున్నవి, పంటఋణము నిచ్చుచున్నవి. ఆ ఎరువు చల్లు చేతుల సంగతియు చూడవలదా? ప్రతి సంఘమును చర్మబాధ గల సభ్యుల పట్టిక వ్రాసి, చలికాలమున వారి నొక్కటిగా నగరమునకు పంపి, ఆ వారము బసను, దారిఖర్చును భరింపవలెను. లేదా చర్మవైద్యునే ఆ మూడు దినములు కామారెడ్డికి రప్పింపవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ ప్రతిపాదన తెండు.

భూమిని కౌలున కిచ్చివేయ దలచిన ఆ రైతు నేడును తన పొలమునే దున్నుచున్నాడు. గట్లపై కలుపు పెరుకు పని అతని అన్నకొడుకు చేయుచున్నాడు.