మేకకు గడ్డ లేస్తే తప్పంతా కాపరిదేనా?

మేక దవడ కింద గడ్డ లేస్తే ఊళ్లో జరిగేదేమిటో అందరికీ తెలుసు. దొడ్డిలోనే బ్లేడుతో కోస్తారు, చీము పిండుతారు, పసుపు అద్ది మళ్లీ మందలోకి తోలుతారు. నాలుగైదు నెలలు తిరిగేసరికి అదే మందలో మరికొన్నింటికి గడ్డలు లేస్తాయి. అప్పుడు అధికారులు వచ్చి, ఫ్లెక్సీ కట్టి, 'కాపరులకు అవగాహన లేదు' అని ఉపన్యాసం చెప్పి పోతారు.

మేము ఒక్కటే అడుగుతున్నాం. కాపరికి లేనిది అవగాహనా, వైద్యమా?

మేకకు వచ్చే వాపులన్నీ ఒక్కటి కావు. చెవి కింద, దవడ కింద, జబ్బ ముందు, తొడ ముందు గట్టిగా లేచి, కోస్తే మీగడలా చిక్కటి చీము వచ్చేది సూక్ష్మజీవుల వల్ల లింపు గ్రంథులకు పట్టే అంటురోగం. ఆ చీము దొడ్డిలో పడితే రోగక్రిములు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. దవడ కింద మెత్తగా నీరు దిగి, మేసి వచ్చిన సాయంత్రం ఎక్కువై, తెల్లారేసరికి తగ్గేది వేరు. అలాంటి మేక కింది కనురెప్ప తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటే, కడుపులో నట్టలు రక్తం పీలుస్తున్నట్టు. దానికి కావలసింది నట్టల మందు, బ్లేడు కాదు. గాయం చుట్టూ వాచి, నొక్కితే కరకరలాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే గంటల్లో ప్రాణం పోవచ్చు. ఈ మూడింటికీ ఒకే బ్లేడు, ఒకే పసుపు వాడాల్సి వస్తోందంటే ఆ నేరం ఎవరిది?

పశువైద్యశాల పొద్దెక్కాక తెరుస్తారు, సాయంత్రానికి మూస్తారు. మేకలు పొద్దున్నే గుట్టకు పోతాయి, పొద్దుగూకాక దొడ్డికి చేరతాయి. ఆసుపత్రి తెరిచి ఉన్నప్పుడు మేక అడవిలో ఉంటుంది, మేక ఇంటికొచ్చాక ఆసుపత్రికి తాళం ఉంటుంది. ఒక్క మేక కోసం కూలి పోగొట్టుకుని, ఆటో కట్టించుకుని మండలానికి పోతే 'మందు స్టాకు లేదు, బయట కొనుక్కో' అని చీటీ రాసిస్తారు. 1962కు ఫోన్ చేసినా, వాహనం వచ్చేసరికి మంద మేతలో ఉంటే ఏం లాభం? ఈ వేళలన్నీ కొట్టంలో కట్టేసిన గేదెను చూసి పెట్టినవి, నడిచే మందను చూసి కాదు.

లెక్కలూ అలాగే ఉన్నాయి. 5 వేల పశు యూనిట్లకు ఒక వైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. యూనిట్ల లెక్కలో పది మేకలు కలిస్తే ఒక పశువు. 2019 పశుగణన ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి కోటికి పైగా మేకలున్నాయి. కాగితం మీద అవి పది లక్షలకు కుదించుకుపోతాయి. భూమి లేని కుటుంబానికి మాత్రం పది మేకలంటే పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, పెళ్లి అప్పు. తెలంగాణలో 2017లో 75 శాతం సబ్సిడీతో ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచే పథకం తెచ్చారు. జీవాలు పంచడానికి ఉన్న ఉత్సాహం వాటిని బతికించడానికి ఎందుకు లేదు?

మన తప్పులూ ఒప్పుకుందాం. గడ్డ ఉన్న మేకను సంతకు తోలి పక్క ఊరి మందకు రోగం అంటగట్టొద్దు. గడ్డ కనబడగానే ఆ మేకను వేరుగా కట్టాలి. దొడ్డిలో కోయొద్దు. మెత్తబడి, పైన వెంట్రుక రాలాక వైద్య సిబ్బందితోనే కోయించాలి. చీమును కవర్లో పట్టి కాల్చేయాలి, చేతికి తొడుగు ఉండాలి, ఎందుకంటే అది మనుషులకూ అంటగలదు. పుండును అయోడిన్ మందుతో కడుగుతూ, పూర్తిగా మానేదాకా మందలో కలపొద్దు. పుండు మీద ఈగ వాలకుండా రోజూ చూడాలి, వానాకాలంలో రెండు పూటలా చూడాలి. వాపు ఎక్కడ, ఎప్పుడు లేచింది, ఉసిరికాయంత ఉందా నిమ్మకాయంత అయిందా, మేత తింటోందా అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. రేపు డాక్టరును నిలదీయడానికైనా ఆ రాత పనికొస్తుంది.

ఇంత చేశాక అడిగే హక్కు మనకుంది. వారానికి రెండు రోజులైనా మందలు దొడ్లో ఉండే వేళకు, తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ, సంచార వాహనం ఊరికి రావాలి. నట్టల మందు, అయోడిన్, పుండ్ల మందు ప్రతి వైద్యశాలలో ఉచితంగా ఉండాలి. ఉన్న నిల్వ ఎంతో బోర్డు మీద రాయాలి. ఖాళీగా ఉన్న డాక్టరు, సహాయకుల పోస్టులు నింపాలి. వైద్యుల లెక్క కట్టేటప్పుడు మేకల మందల సంఖ్యనూ, అవి తిరిగే దూరాన్నీ చూడాలి.

ఈ నెల గ్రామ కమిటీలు కూర్చుని ఎన్ని మేకలకు వాపులున్నాయో, ఎన్ని పుండ్లున్నాయో జాబితా రాసి మండల కమిటీకి పంపండి. ఆ జాబితాలతోనే పశువైద్యశాల ముందు కూర్చుందాం. అవగాహన లేనిది ఎవరికో అక్కడ తేలుతుంది.