కొన్న సాఫ్టువేరుపై కొన్నవానికి గల హక్కు

రైతు సంతలో ఎద్దును కొని, రెండు పంటలు దున్నించి, మంచి ధర వచ్చినప్పుడు మరియొకరికి అమ్ముకొనును. మొదట అమ్మిన ఆసామి వచ్చి "నా యనుమతి లేక యేల అమ్మితివి?" అని యడిగినచో సంతవారందరు నవ్వుదురు. సాఫ్టువేరు విషయమున మాత్రము ఈ ప్రశ్న నవ్వులాట కాదు. పూర్తి వెల పుచ్చుకొనియు కంపెనీలు "మీకిచ్చినది సొత్తు కాదు, వాడుకొనుటకు లైసెన్సు మాత్రమే" యనుచున్నవి.

ఇది పట్టణవాసుల తగవని రైతు సోదరులు తలపరాదు. ట్రాక్టర్లు చేయు అమెరికా కంపెనీ జాన్ డీర్ 2015లో ఆ దేశపు కాపీరైటు కార్యాలయము నెదుట, యంత్రమును కొన్న రైతు లోపలి సాఫ్టువేరునకు యజమాని కాడనియు, బండి యున్నంతకాలము దానిని నడుపుకొనుటకు లైసెన్సు గలవాడు మాత్రమే యనియు వాదించెను. ఆ యేడే మరమ్మతు నిమిత్తము రైతులకు కొంత మినహాయింపు లభించినది. తన బండిని తాను బాగుచేసికొనుటకు మినహాయింపు కోరవలసి వచ్చుటయే వింత!

న్యాయస్థానములకు సైత మీ విషయమున ఏకాభిప్రాయము లేదు. ఆటోక్యాడ్ పాత ప్రతులను అమ్మిన యొక వర్తకుని వ్యాజ్యమున 2010లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు, కంపెనీ షరతులను బట్టి మొదట కొన్నవాడే యజమాని కాడని తీర్పు చెప్పెను. 2012లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము ఒరాకిల్, యూజ్డ్‌సాఫ్ట్ కంపెనీల వ్యాజ్యమున వేరుత్రోవ త్రొక్కెను. కాలపరిమితి లేని లైసెన్సును వెల పుచ్చుకొని యిచ్చుట విక్రయమే యనియు, కొన్నవాడు దానిని తిరిగి అమ్ముకొనవచ్చు ననియు, అయితే అమ్మునప్పుడు తన యొద్దనున్న ప్రతిని పనికిరాకుండ జేయవలె ననియు నిర్ణయించెను. ఈ షరతు న్యాయమైనది. ఎద్దును అమ్మినవాడు మరునాడు దానితోనే దున్నుకొనరాదు గదా!

మన యొద్ద టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో నడపిన వ్యాజ్యమున 2004లో సుప్రీంకోర్టు, అంగడిలో తయారుగా అమ్ముడగు సాఫ్టువేరు సరకే యనియు, దానిపై అమ్మకపు పన్ను చెల్లుననియు చెప్పినది. ఆ తీర్పు పన్నును గూర్చినదే, నిజము. అయినను పన్ను పట్టునప్పుడు సరకైనది కొన్నవాని చేతికి వచ్చుసరికి సరకు కాకపోవుట నాకు సమ్మతము కాదు. 2001 నాటి విత్తన రకముల రక్షణ చట్టమును చూడుడు. క్రొత్త రకమును పెంపొందించినవానికి హక్కు నిచ్చుచునే, రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, బ్రాండు ముద్ర లేకుండ అమ్ముకొనుటకు హక్కును నిలిపినది. విత్తనమునకు కుదిరిన యేర్పాటు సాఫ్టువేరునకు కుదరకపోదు.

నెలకింత యని అద్దెకిచ్చు సాఫ్టువేరు మాట వేరు. అద్దె యని చెప్పి అద్దె పుచ్చుకొన్న తగవు లేదు. మన సంఘములు లెక్కల సాఫ్టువేరు కొనుటకు తీర్మానము చేయునప్పుడు మాత్రము అది విక్రయమో అద్దెయో, మరియొక సంఘమునకు బదిలీ చేయవచ్చునో లేదో ముందుగా అడిగి, ఆ జవాబును బిల్లుమీదనే వ్రాయించుకొనవలెను.