లివర్‌లో హార్మోన్ స్విచ్.. ఎప్పుడు నొక్కాలన్నదే ప్రశ్న!

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఆఫర్ లెటర్ వస్తే ఇంటిల్లిపాదికీ పండగే. ఆ ఉద్యోగంతోపాటు వచ్చే ఇంకో సంగతి మాత్రం మనకెవరూ చెప్పరు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని తేలింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకుల ఈ అధ్యయనం 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చింది. కేంద్ర ఆరోగ్య మంత్రి జేపీ నడ్డా పార్లమెంటులోనూ దీన్ని ప్రస్తావించారు. నా మొదటి ఉద్యోగంలో హెల్త్ చెకప్ రిపోర్టు మీద ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ అని ఉంటే, ‘అందరికీ ఉండేదేలే’ అని పక్కన పడేసినవాణ్ని నేనూ.

ఫ్యాటీ లివర్ ఉన్న అందరికీ ముప్పు రాదు, నిజమే. కానీ కొందరిలో ఆ కొవ్వు వాపుగా మారుతుంది. వాపు మచ్చలుగా, మచ్చలు సిర్రోసిస్‌గా ముదిరితే కాలేయ క్యాన్సర్‌కు దారి పడినట్టే. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 8.66 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 7.58 లక్షల మంది చనిపోయారు. ఇందులో ఒక విషయం శాస్త్రవేత్తలను ఎప్పటినుంచో వేధిస్తోంది. ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. మద్యం, పొగతాగడం, హెపటైటిస్ కొంత కారణం. మిగతా కారణాల్లో హార్మోన్ రిసెప్టర్లది పెద్ద పాత్ర.

ఒకే రిక్వెస్ట్.. వేర్వేరు రెస్పాన్స్

హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ ఉన్న కణంలోనే పని చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే రిక్వెస్ట్ అన్ని సర్వర్లకూ వెళ్తుంది, ఏపీఐ ఉన్నదే జవాబిస్తుంది. కాలేయ కణాల్లో మగ హార్మోన్లకు ఆండ్రోజెన్ రిసెప్టర్, ఆడ హార్మోన్లకు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ రెండూ ఉంటాయి, ఆడా మగా తేడా లేకుండా.

2007లో కాలిఫోర్నియా పరిశోధకులు ఎలుకలపై ఒక ప్రయోగాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. క్యాన్సర్ తెచ్చే ఒకే రసాయనం ఇస్తే మగ ఎలుకలన్నిటికీ కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఆడవాటిలో 10 నుంచి 30 శాతానికే వచ్చింది. కాలేయంలోని రక్షక కణాలు విడుదల చేసే ఐఎల్-6 అనే వాపు సంకేతాన్ని ఈస్ట్రోజెన్ అణచివేయడమే దీనికి కారణమని వాళ్లు తేల్చారు. ఆండ్రోజెన్ రిసెప్టర్ తీరు ఇందుకు పూర్తిగా వేరు. అది హెపటైటిస్-బి వైరస్ డీఎన్ఏకి అతుక్కుని ఆ వైరస్ పెరిగేందుకు సాయపడుతుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చారని అనబాలిక్ స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అవి నొక్కేది ఈ స్విచ్‌నే. వాటిని ఎక్కువకాలం వాడినవాళ్లలో కాలేయ కణితులు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

లాజిక్ కరెక్టే.. రిజల్ట్ రాలేదు

స్విచ్ దొరికింది కదా, ఆపేస్తే సరి అనుకున్నారు డాక్టర్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను అడ్డుకునే టమాక్సిఫెన్ అప్పటికే హిట్. దాన్నే కాలేయానికీ ఇచ్చారు. 1998లో ఇటలీలో దాదాపు 500 మందిపై చేసిన ట్రయల్‌లో ఆయుష్షు ఏమీ పెరగలేదు. 2002లో ఆసియా-పసిఫిక్ దేశాల ట్రయల్ ఫలితం ఇంకా చేదు. డోసు పెరిగినకొద్దీ రోగులు త్వరగా చనిపోయారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ఎంజలుటమైడ్‌తో ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను అడ్డుకున్నా ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో లాభం కనిపించలేదు.

ఎక్కడ తేడా కొట్టింది? రొమ్ము క్యాన్సర్‌లో ముందు కణితిలో రిసెప్టర్ ఉందో లేదో పరీక్షించి, ఉన్నవాళ్లకే మందు ఇస్తారు. కాలేయ ట్రయల్స్‌లో ఎక్కువగా ఆ వడపోత లేదు. పైగా చాలా కాలేయ కణితుల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ తగ్గిపోయో, రూపం మారిపోయో ఉంటుంది. క్యాన్సర్ మొదలవ్వడానికి తోడ్పడిన స్విచ్, అది ముదిరాక దాన్ని నడిపిస్తూ ఉండాలని లేదు. మంటను అంటించిన అగ్గిపుల్లను తర్వాత ఆర్పినా ఇల్లు తగలబడకుండా ఆగదు కదా!

చివరికి ముదిరిన దశలో ఆయుష్షు పెంచిన మొదటి మాత్ర సొరాఫెనిబ్. ఇది అడ్డుకునేది హార్మోన్లను కాదు, కణితికి కొత్త రక్తనాళాలు వేసే సంకేతాలను. పోటీ పరీక్షలవాళ్లకు ఈ మందు వేరే కారణంతో తెలుసు. బేయర్ కంపెనీ నెలకు రూ.2.8 లక్షలకు అమ్ముతున్న ఈ మందును, రూ.8,800కే తయారుచేసి అమ్మేందుకు హైదరాబాద్ కంపెనీ నాట్కోకు 2012 మార్చిలో అనుమతి దక్కింది. దేశంలో ఇచ్చిన తొలి కంపల్సరీ లైసెన్స్ అదే. 2020 నుంచి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ వంటి ఇమ్యునోథెరపీలు ముందుకొచ్చాయి.

ఇప్పుడు వార్తల్లో ఉన్నది ఇదే

హార్మోన్ రిసెప్టర్ల కథ అక్కడితో అయిపోలేదు. ఈసారి ముందు దశలో తిరిగొచ్చింది. 2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ రెస్మెటిరోమ్ అనే మందును ఆమోదించింది. ఇది కాలేయంలోని థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్-బీటాను ఆన్ చేసి కొవ్వును కరిగిస్తుంది. 966 మందిపై చేసిన ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లలో దాదాపు 30 శాతం మందికి కొవ్వుతో వచ్చిన వాపు తగ్గిపోయింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో అది 10 శాతం లోపే. 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కూ ఇదే జబ్బుకు అనుమతి వచ్చింది. అది జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ రిసెప్టర్ మీద పనిచేసి, ఆకలినీ బరువునూ తగ్గిస్తుంది. ఇవి క్యాన్సర్ మందులు కావు. సిర్రోసిస్ రాకముందు, మచ్చలు మొదలైన దశలో వాడేవి. క్యాన్సర్‌ను ఎంతవరకు ఆపుతాయో దీర్ఘకాలిక ట్రయల్సే చెప్పాలి. అయినా దిశ మారింది. ఇప్పుడు స్విచ్‌ను ఇల్లు అంటుకోకముందే నొక్కుతున్నారు.

మనకేంటి?

ఉద్యోగం కోణంలో చూస్తే, క్లినికల్ డేటా, బయోస్టాటిస్టిక్స్, ఫార్మకోవిజిలెన్స్ విభాగాల్లో కోడింగ్ వచ్చినవాళ్లకూ చోటుంది. ఆర్, సాస్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్నవాళ్లు టమాక్సిఫెన్ కథను గుర్తుపెట్టుకోండి. ల్యాబ్‌లో అద్భుతంగా నడిచిన ఐడియా మనుషుల్లో ఎందుకు ఆగిపోయిందో వివరించగలిగితే, ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్లకంటే అదే బాగా మాట్లాడుతుంది.

ఇక ఒంటి సంగతి. హెపటైటిస్-బి టీకా సార్వత్రిక కార్యక్రమంలో దేశమంతటికీ అందింది 2011 నాటికే. అంటే ఇప్పుడు డిగ్రీ చదివేవాళ్లలో కొందరికి పడి ఉండకపోవచ్చు. ఇంట్లో అడగండి, లేకపోతే పరీక్ష చేయించుకుని డాక్టర్ సలహాతో వేయించుకోండి. ఫ్యాటీ లివర్ అని రిపోర్టులో వస్తే పక్కన పడేయొద్దు. అధిక బరువున్నవాళ్లు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు రెండూ తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ఒక్క స్విచ్ మాత్రం ఏ ఎఫ్‌డీఏ అనుమతీ అక్కర్లేకుండా మన చేతిలోనే ఉంది. ఆఫర్ లెటర్ దాచుకునే ఫైల్లోనే ఆ రిపోర్టునూ పెట్టుకోండి, వచ్చే ఏడాది రిపోర్టుతో పోల్చి చూసుకోడానికి.