అది బదనిక కాదు, తాతయ్యా!

నాన్నగారి బదిలీల వల్ల మేము అక్కాతమ్ముళ్ళం మూడేళ్ళు అస్సాంలోని జోర్హాట్‌లో చదివాం. ఏప్రిల్‌లో బిహూ వస్తే అక్కడ ఆడపిల్లల కొప్పుల్లో కపౌ ఫూల్ కనిపించేది. నక్కతోకలా వేలాడే ఆ ఆర్కిడ్ గుత్తి అస్సాం రాష్ట్ర పుష్పం. అదే పువ్వు మన తూర్పు కనుమల్లోనూ పూస్తుందని విశాఖ వచ్చాకే తెలిసింది.

పోయిన ఏడాది ఘాట్ రోడ్డు పక్కన ఒకామె అమ్ముతుంటే వంద రూపాయలకు ఒక మొక్క కొన్నాం. వేళ్ళకు చెట్టు బెరడు ఇంకా అంటుకునే ఉంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కుండీలో నాటి రెండు పూటలా నీళ్ళు పోశాం. నెల తిరక్కుండా కుళ్ళిపోయింది. నీళ్ళు ఎక్కువ పోయడం చిన్న తప్పు. ఆ బెరడు చూసి కూడా కొనడమే పెద్ద తప్పని ఇప్పుడు మా అభిప్రాయం.

ఊళ్ళో తాతయ్యకు చెబితే, "బదనికేగా అమ్మా, పోతే పోయింది. చెట్టును పీల్చేసే పీడ" అన్నారు. చెట్టు మీద మొలిచిందల్లా మనవాళ్ళకు బదనికే! అసలు బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి నీరు, లవణాలు లాగుతుంది. ఆర్కిడ్‌కు కొమ్మ కూర్చునే చోటు మాత్రమే. వాన నీరు, గాలిలో తేమ, బెరడు మీద చేరిన చెత్త, వీటితోనే బతుకుతుంది. దాని వేళ్ళకు స్పంజిలాంటి పొర ఉంటుంది. ఎండితే వెండిరంగు, తడిస్తే ఆకుపచ్చ. మట్టిలో పాతితే ఆ వేళ్ళకు గాలి ఆడదు. మేము చేసింది అదే.

ఇప్పుడు నర్సరీలో టిష్యూ కల్చర్ మొక్క కొన్నాం. చిల్లుల బుట్టలో పెంకు ముక్కలు, బొగ్గులు, కొబ్బరి డొక్క వేసి, మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు వరండాలో వేలాడదీశాం. పొద్దున్నే నీళ్ళు. వేళ్ళు మళ్ళీ వెండిరంగుకు తిరిగితేనే ఇంకోసారి. వానాకాలంలో కొన్నిసార్లు రోజుల తరబడి దాని జోలికే వెళ్ళం. ఎరువు బాగా పలచగా, ఎప్పుడైనా ఒకసారి.

"మనం కొనకపోతే ఆ కొండమ్మ ఎలా బతుకుతుంది?" అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, సరైన శిలీంధ్రం తోడు దొరికితేనే అడవిలో మొలుస్తుంది, పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఇలా పీకుతూ పోతే రేపు ఆమెకు అమ్ముకోవడానికీ మిగలదు. ల్యాబ్ మొక్కలు ఇచ్చి పెంచడం నేర్పితే ఆమె మనకంటే బాగా పెంచుతుంది. చెట్లెక్కి చూసిన మనిషి కదా.

మా మొక్క ఇంకా పూయలేదు. కొత్తగా రెండు వేళ్ళు వచ్చాయి. సంక్రాంతికి తాతయ్య మామిడి కొమ్మలు కొట్టిస్తూ ఆర్కిడ్ ఉన్న ఒక్క కొమ్మనూ వదిలేశారు. "పూస్తే ఫోన్ చేస్తాలే" అన్నారు.